ఋ అంటే తాత

పెబ్బేరు సంత రోజున గద్వాల బస్సు ఎక్కకూడదని ఎవరైనా ముందే చెప్పి ఉంటే బాగుండేది. రోడ్డు నిండా ఎద్దులు. బస్సు కదలడం మానేసి అరగంటయింది. కిటికీ పక్కన నేను, నా పక్కన ఒకామె, ఆమె ఒళ్లో ఐదేళ్ల కూతురు, కూతురి ఒళ్లో అక్షరాల పుస్తకం. లేచి దిగుదామన్నా దారి లేదు.

పిల్ల వేలు పెట్టి గట్టిగా చదువుతోంది. "ఉ, ఉడుత. ఊ, ఊయల. ఋ, తాత."

బొమ్మలో ఋషికి గడ్డం బాగానే ఉంది.

"అన్నా, జర చూడుండ్రి, సక్కగ చదువుతుందా?" అని ఆమె నన్నడిగింది. "మా ఇంట్ల ఉర్దూనే. నాకు తెలుగు చదువస్తలేదు."

పిల్ల నా వైపు చూసింది. కోర్టులో ముద్దాయి కూడా జడ్జిని అలా చూడడు.

"బ్రహ్మాండంగా చదువుతోందమ్మా," అన్నాను. ఎవరికీ నష్టం లేని అబద్ధం అనుకున్నాను.

"గట్లనా! రోజు దీని పక్కన కూసొని నేను గూడ నేర్చుకుంటున్న అన్నా. ఎవర్ని అడగకుంట బస్సు బోర్డు చదువాలె."

ఆమె ఋ మీద వేలితో రెండుసార్లు దిద్దింది. "తాత," అంది శ్రద్ధగా.

చెబుదామని నోరు తెరిచాను. పిల్ల నా చొక్కా అంచు పట్టుకుంది. ఎద్దులకు తొందరేమీ లేదు. వాళ్లు దిగేదాకా ఋ తాతగానే ఉండిపోయింది.

ఇప్పుడు మా అమ్మాయికి ఇంట్లో నేనే చదువు చెబుతున్నాను. ఋ పేజీ మాత్రం వాళ్లమ్మ చెబుతుంది. సరిగ్గా ఆ సమయానికి నాకు దాహం వేస్తుంది.