నగర దండోరా ఏకైక సంచిక

ఆ రోజుల్లో నాకు లోకాన్ని రక్షించడం తప్ప వేరే పని లేదు. ఉరుము మనిషి అని ఒక కామిక్ హీరోని గీసేవాణ్ణి. ఆయన మెరుపొస్తే ఎగిరేవాడు, మిగతా సమయంలో ‘నగర దండోరా’ అనే పత్రికలో ప్రూఫులు దిద్దుకునేవాడు. (నా కామిక్‌కి పాఠకులు ముగ్గురు, నాతో కలిపి.) నా వాలకం చూడలేక అమ్మ తన తమ్ముణ్ణి బతిమాలి, అనకాపల్లిలో ఆయన నడిపే ఫ్లెక్సీల షాపులో నన్ను పడేసింది. మొదటిరోజే ఆలస్యంగా వెళ్ళాను. మామయ్య నా మొహం చూసి, “ఏటీ తినలేదా? ముందు టిఫిన్ సేసి రా” అన్నాడు. తిని వచ్చాక అరగంట తిట్టాడు. “ఇంకొక్క తప్పు సేసేవంటే ఇంటికి పంపేత్తాను” అని ముగించాడు. ఇంటికి పోవడానికి నాకేం భయం లేదు. బొమ్మలు గీసుకోవడానికి దొరికిన షాపు కంప్యూటర్ చేజారితే ఉరుము మనిషి ఎలా ఎగురుతాడన్నదే నా దిగులు.

మూడో వారంలో, హీరో చేతిలో పెట్టడానికి నగర దండోరా మొదటి పేజీ తయారుచేశాను. ‘ఉరుము మనిషి దొంగా? దొరా?’ అని అరపేజీ శీర్షిక. కింద కుడి మూల కాస్త ఖాళీ మిగిలితే శ్రద్ధాంజలి పెట్టె గీశాను. దానికో మొహం కావాలి కదా, కంప్యూటర్లో మామయ్య ఫొటో దొరికింది, నిండు మీసంతో. షాపులో అందరికీ వేసే వాక్యాలు వద్దనుకుని (కళాకారుణ్ణి కదా) ఆ రోజు తేదీ వేసి, సొంతంగా రాశాను: ‘ఆకలితో వచ్చినవాణ్ణి ముందు టిఫిన్‌కి పంపి, తరవాత తిట్టిన మహానుభావుడు.’ నా ప్రతిభ చూసుకోండని ఆ పేజీని చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. మావాళ్ళు ఏ పేపరైనా చావు కబుర్ల దగ్గర మొదలుపెట్టి అక్కడే ఆపేస్తారన్న సంగతి అప్పుడు గుర్తు రాలేదు.

మర్నాడు పొద్దున్నే దేవరాపల్లి నుంచి మా పెద్దమ్మ, అంటే మామయ్య అక్క, ఆటో నిండా జనంతో, చేతిలో బంతిపూల దండతో షాపు ముందు దిగింది. “తమ్ముడో, నన్నొగ్గేసి ఎలిపోనావా” అని రాగం అందుకుంది. షట్టరు ఎత్తుతున్న మామయ్య వెనక్కి తిరిగి, “ఏటే అక్కా, ఎవులు పోనారు?” అన్నాడు.

“నువ్వే కదరా. పేపర్లో ఏసేరు.”

“నేనిక్కడే ఉన్నాను కదే.”

పెద్దమ్మ ఆయన్ని చూసింది, ఫోన్ చూసింది, మళ్ళీ ఆయన్ని చూసింది. “పేపరోళ్ళు ఊరికే ఏత్తారేటి” అంది అనుమానంగా.

నేను అప్పటికే సంచి సర్దేసుకున్నాను. మామయ్య ఫోన్ తీసుకుని, అక్షరాలు పెద్దవి చేసుకుని, పెదాలు కదుపుతూ రెండుసార్లు చదివాడు.

“ఇది మన షాపులో ఏసేది కాదే. ఎవులు రాసేరు?”

“నేనే మామయ్యా.”

మామయ్య ఫోన్ పెద్దమ్మకి తిరిగిచ్చేశాడు. “తిట్టేడన్న ముక్క తీసేయ్. మిగతాది దాసుంచు. అసలు రోజొచ్చినప్పుడు తేదీ మార్చుకుంటే సాలు” అన్నాడు. తరవాత నా సంచి వైపు చూసి, “ముందు టిఫిన్ సేసి రా” అన్నాడు. ఉద్యోగం ఉందని అప్పుడు అర్థమై, ఇడ్లీ బండి దగ్గర నిలబడి సిగ్గులేకుండా ఏడ్చాను. తిని వచ్చాక గంటన్నర తిట్టాడు. పెద్దమ్మ కూడా ఓ చెయ్యి వేసింది.

నగర దండోరా రెండో సంచిక రాలేదు. ఉరుము మనిషి ఎటు ఎగిరిపోయాడో తెలీదు. షాపు ఇప్పుడు నేనే చూసుకుంటున్నాను. పోయిన నెల మామయ్య ఆస్పత్రి నుంచి వచ్చి, తన పాత కుర్చీలో కూర్చుని, “ఆ ఫైలుందేట్రా?” అని అడిగాడు. “ఎప్పుడో పోయింది మామయ్యా” అన్నాను. ఉంది. ‘తిట్టిన’ అన్న ముక్క కూడా తీయలేదు. ఊళ్ళకి ఊళ్ళే రక్షిద్దామని బయలుదేరినవాణ్ణి, ఒక్క తేదీకి భయపడి ఆ ఫైలు తెరవకుండా తిరుగుతున్నాను.