బాపు కోసం కొన్న ఉప్పు

ఈ సంగతి రాసిపెట్టక తప్పడం లేదు. చుట్టాల పెళ్లిళ్లలో ఇప్పటికీ "వాళ్ల బాపుకు మందు పెట్టింది వీడే" అని నన్ను పరిచయం చేస్తున్నారు. నేను పెట్టింది మందు కాదు, ఉప్పు. ఆ రోజుల్లో పాతబస్తీలోని జహనుమాలో మాకు నాలుగు బర్రెలు, బాపుకు బీపీ ఉండేవి. నేను నయాపూల్‌లో బట్టల దుకాణంలో పనిచేస్తూ, పదో తరగతితో ఆగిన చదువును మధ్యాహ్నాలు గ్రంథాలయంలో సొంతంగా పూర్తి చేస్తుండేవాణ్ణి. (అప్పటికి చాలావరకు పూర్తయిందనే నా నమ్మకం.)

బాపును ఉప్పు తగ్గించమని డాక్టరమ్మ చెప్పింది. ఆయన తగ్గించలేదు. సరిగ్గా అప్పుడే ఒక ఆరోగ్య గ్రంథంలో, సోడియం తగ్గించి పొటాషియం కలిపిన ఉప్పు బీపీకి మేలని చదివాను. పేజీ అడుగుకు వచ్చేసరికి దుకాణానికి వేళయింది. అక్కడిదాకా నోటుబుక్కులో ఎక్కించుకుని, ఆ ఉప్పు ప్యాకెట్ కొని, వంటింటి డబ్బాలో ఉన్నది పారబోసి ఇది నింపాను. ఎవరికీ చెప్పలేదు. గొప్ప పనులు చెప్పి చేయకూడదని అప్పటి నా అభిప్రాయం.

"ఏందే, పప్పు గిట్ల చేదుంది?" అన్నాడు బాపు ఆ పూటే.

"బీడీలు తాగే నోటికి తీపుంటదా?" అంది అమ్మ.

రెండో రోజు నుంచి బాపు మాట్లాడకుండా తిన్నాడు. నాకూ చేదు తెలియలేదు. నాలుక అలవాటుపడిందని నోటుబుక్కులో రాసుకున్నాను.

మూడు వారాల తర్వాత, తీరిక దొరికి, తర్వాతి పేజీ తిప్పాను. కొన్ని రకాల బీపీ మాత్రలు వేసుకునేవాళ్లకు ఈ ఉప్పుతో ఒంట్లో పొటాషియం పేరుకుని గుండె లయ తప్పవచ్చు, డాక్టరును అడగకుండా వాడరాదు అని ఉంది. కింద ఇచ్చిన మాత్రల పేర్లలో మొదటిదే బాపు రోజూ వేసుకునేది. నేను పరుగెత్తుకొచ్చి, బర్రె పాలు పిండుతున్న బాపును లేపి, అమ్మతో సహా ఆటో ఎక్కించాను. డాక్టరమ్మ దగ్గర బాపు పరీక్షకు రక్తం ఇచ్చి బల్ల మీద కూర్చున్నాక, ఆయనకు అంతా చెప్పేశాను.

"అంటే నా గుండె ఆగుతదా?"

"ఆగొచ్చని రాసిండ్రు బాపూ."

"ఎన్నో పేజీల?"

"నలభై మూడు."

"నువ్వు నలభై రెండు కాడ ఆపినవ్." ఆయన నన్ను తిట్టలేదు. నా చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. ఆ చెయ్యి చల్లగా ఉంది (నాదే).

డాక్టరమ్మ కాగితం చూసి, "పొటాషియం మంచిగనే ఉంది. బీపీయే పెరిగింది. నిజంగా ఆ ఉప్పే తిన్నారా?" అని అడిగింది.

"చేదు ఉప్పా? పాడైందని తెల్లారే బర్రెల కుడితిల కలిపిన. బర్రెల కోసం తెచ్చిన దొడ్డు ఉప్పు దంచి డబ్బాల పోసిన. అంచనా తెలుస్తలేదు, జర ఎక్కువే పడుతుంది," అంది అమ్మ.

బాపు లేచి నిలబడ్డాడు. "అరే, నా బర్రెలకేమన్న అయితదా?"

"అయ్యేదుంటే ఈపాటికి అయ్యేది. కూసో!" అంది డాక్టరమ్మ, మళ్లీ బీపీ చూస్తూ. తర్వాత ఉప్పు ఎలా తగ్గించాలో ముగ్గురికీ చెప్పి, నన్ను మాత్రం రెండుసార్లు అప్పజెప్పమంది.

పుస్తకాన్ని ఇంటికి ఇవ్వని గ్రంథాలయం సారుకు, ఫీజు తీసుకోని డాక్టరమ్మకు, మేం దిగేదాకా ఆటో ఆపకుండా నడిపిన అక్బర్ భాయ్‌కి, నాకు చెప్పకుండానే ఉప్పు మార్చిన అమ్మకు నా కృతజ్ఞతలు. బాపుకు వేరే చెప్పాలి. ఇప్పుడు ఏదైనా అట్టనుంచి అట్టదాకా చదివి కూడా డాక్టరును అడిగే మనిషినయ్యాను. కానీ అరపేజీతో ఆయనను నూరేళ్లు బతికించగలనని ప్యాకెట్ పట్టుకుని ఇంటికి నడిచిన ఆ సంతోషం మళ్లీ నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.