చెల్లెలికి గడి లేని ఫారం

అబిడ్స్‌లో మా కళ్లద్దాల దుకాణం వెడల్పు ఎనిమిది అడుగులు. పద్నాలుగేళ్లుగా కౌంటర్ వెనక నేను, లోపల అద్దాలు అరగదీసే మిషన్ దగ్గర మా ఆయన, మధ్యలో స్టూలు మీద నా చెల్లెలు. దానికి ముప్పై ఆరేళ్లు. బుద్ధి మాత్రం ఏడెనిమిదేళ్ల పిల్ల దగ్గరే ఆగిపోయింది. అమ్మ పోయాక మా ఇంటికి వచ్చేసింది. తయారైన కళ్లద్దాలను మెత్తటి గుడ్డతో తుడిచి డబ్బాలో పెట్టి ఇవ్వడం దాని పని. మా ఇద్దరికంటే శ్రద్ధగా చేస్తుంది.

వేరే దేశం పోదామని మొదట అన్నది నేనే. జనం ఫోన్లోనే కళ్లద్దాలు తెప్పించుకోవడం మొదలయ్యాక, రోజంతా హారన్లు వింటూ ఖాళీ కుర్చీలను చూస్తూ కూర్చోవడం నా వల్ల కాలేదు. ఒక నోటుబుక్కులో దుబాయ్, మలేషియా, పోర్చుగల్ అని రాసి నిలువు గీతలు గీశాను. దుకాణం తెరవడానికి ఎన్నాళ్లు పడుతుంది, పదో తరగతి చదివే మా పాపకు బడి ఎలా, ఎండలు ఎలా, భాష ఎలా. సాయంత్రాలు అవి నింపుతున్నంతసేపే ఊపిరాడేది. కౌంటర్ దాటకుండానే మూడు దేశాల్లో ఇల్లు సర్దుకున్నాను.

నాంపల్లి స్టేషన్ ఎదురుగా ఒక పాత భవనంలో, మూడో అంతస్తులో, వీసాల పని చూసే ఒకాయన ఉన్నాడని తెలిసి ఒక ఆదివారం వెళ్లాం. పాప ట్యూషన్‌కు పోయింది. చెల్లెలిని ఒంటరిగా వదలలేక వెంట తీసుకెళ్లాం.

"ఫ్యామిలీల ఎంతమంది మేడమ్?"

"నలుగురం."

మా ముగ్గురి వివరాలు రాసుకుని ఆయన కలం ఆపాడు. "ఈమె ఏమైతరు?"

"నా చెల్లెలు."

"చెల్లెలికి గడి లేదు మేడమ్. భార్యాభర్తలు, పిల్లలు, తల్లిదండ్రులు. గంతే. మీరు రాసుకొచ్చిన మూడు దేశాలకూ దాదాపు గిట్లనే ఉంటది."

మేం కదలకుండా కూర్చోవడం చూసి, ఆయన గొంతు తగ్గించాడు. "ఒక దారి ఉంది. మీ అక్కచెల్లెండ్ల ఇంటిపేర్లు వేరే గద. పనామె అని రాసి తీస్కపోవచ్చు. కాగితం మీదనే. ఇంట్ల మీరెట్ల చూస్కుంటరో మీ ఇష్టం."

నాకు కోపం రావాలి. రాలేదు.

"దానికి ఏమేం కాగితాలు కావాలె?" అని అడిగాను.

"నేను పని మంచిగ చేస్త గద అక్కా," అంది చెల్లెలు. తనను మెచ్చుకుంటున్నారనుకుని నవ్వుతోంది.

మా ఆయన కుర్చీ జరిపి లేచాడు. "లే, పోదాం."

"జర ఆగండి. ఆయన చెప్పేది విందాం."

"ఏంది వినేది? రేపు గాడ ఎవరన్నా అడిగితే మా పనామె అని చెప్తవా? నీ నోటితోని?"

మా ఆయన చెల్లెలి చేయి పట్టుకుని మెట్లు దింపాడు. ఆటోల మధ్యనుంచి వాళ్లిద్దరూ ముందు నడిచారు. నేను పది అడుగుల వెనక నడిచాను.

మర్నాడు మా ఆయనే ఆ వీసాలాయనకు ఫోన్ చేసి వద్దని చెప్పేశాడు. నెలల తరబడి నాకు ఆయన మీద కోపం పోలేదు. నేను అనాల్సిన మాట ఆయన అన్నాడు. ఒకరోజు ఉండబట్టలేక, "మీకు పోవాలని లేకుండెనా?" అని అడిగాను.

"ఉండె. నీకన్న ఎక్కువనే ఉండె," అన్నాడు, మిషన్ మీదనుంచి తల ఎత్తకుండానే.

ఇక కోపం తెచ్చుకోవడానికి కూడా నాకు చోటు లేకుండా పోయింది.

ఆ తరువాత, చెల్లెలిలాంటివాళ్లను ఉంచుకుని చూసుకునే ఇల్లు హిమాయత్‌నగర్‌లో ఒకటుందని విని, ఎవరికీ చెప్పకుండా గేటు దాకా పోయాను. లోపల ఎవరో చప్పట్లు కొడుతూ లెక్కపెడుతున్నారు. అడుగు పెట్టలేదు. బాగాలేదని కాదు. నాకు నచ్చుతుందేమోనని భయమేసింది.

చెల్లెలు మాత్రం మేం వెళ్తున్నామనే నమ్ముతోంది. వచ్చిన ప్రతివాళ్లకూ డబ్బా అందిస్తూ, "మేం దుబాయ్ పోతున్నం, నాకు గాడ పని ఉంది," అని చెబుతుంది. మొన్న చదివే అద్దాల కోసం వచ్చిన ఒక పెద్దాయన సంతోషంగా నావైపు తిరిగాడు.

"ఎప్పుడమ్మా ప్రయాణం?"

చెల్లెలు నా ముఖంలోకే చూస్తోంది. లోపల మిషన్ చప్పుడు ఆగింది.

"చూడాలె అంకుల్," అని బిల్లు చేతికిచ్చాను.