గిరాకి లేదన్న అంగడి

మొన్న మేడ్చల్‌లో పంటి డాక్టరుకు చూపించుకుని గుండ్లపోచంపల్లిలోని మా అపార్టుమెంటుకు తిరిగి వస్తుంటే, ఆ రోజు వారపు అంగడి అన్న సంగతి మరిచిపోయి ఆ దారిలో కారు పోనిచ్చినందుకు మా డ్రైవరు తనను తానే తిట్టుకున్నాడు. ముందు ఆటోలు, వెనుక టమాటల ట్రాలీ, మధ్యలో మేము. అతనికి విసుగు పుట్టింది గానీ నాకు మాత్రం, మందుకు సగం మూతి మొద్దుబారి ఉన్నా, లోపల ఎంతో హాయిగా అనిపించింది. అద్దం దించి ఆ రొద వింటూ కూర్చున్నాను. ఈ అంగడి ఇంకా ఇక్కడే ఉంది, కాలు పెట్టే సందు లేకుండా ఉంది అనుకుంటే ఇన్నేళ్ళ తర్వాత కూడా నాకు గుండె మీది బరువు దిగినట్టే ఉంటుంది. ఎందుకో నా ఈడు వాళ్ళకు చెప్పుకోవాలనిపించింది. పదవిలో ఉండగా చెబితే డప్పు కొట్టుకున్నట్టు ఉండేది, ఇప్పుడు ఆ బాధ లేదు.

నేను అర్థశాస్త్రం చదువుకున్నదాన్ని. పాఠాలు చెప్పుకుంటూ పోయి చివరికి ఒక విశ్వవిద్యాలయానికి ఉపకులపతిని కూడా అయ్యాను. ఆ కుర్చీ గురించి బయటివాళ్ళు ఏమేమో ఊహించుకుంటారు గానీ, నా కాలం సగం హాస్టళ్ళకు నీళ్ళ ట్యాంకర్లు తెప్పించడానికీ, మిగతా సగం ఒకరి గది ఇంకొకరికి ఎందుకిచ్చారన్న పంచాయితీలు తెంపడానికీ సరిపోయేది. చదువుకున్న చదువు గుర్తుకొచ్చేది ప్రభుత్వం ఏదైనా సంఘం వేసి అందులో నన్ను కూర్చోబెట్టినప్పుడే.

కానీ నేను నేర్చిన మొదటి అర్థశాస్త్రం శామీర్‌పేటలో మా ఇంటి గడప దగ్గరిది. నాయిన చెరువులో వల వేసేవాడు, అమ్మా చిన్నమ్మా ఆ చేపలు గంపల్లో పెట్టుకుని అంగడికి పోయి అమ్ముకొచ్చేవాళ్ళు. పొద్దు వాలేసరికి అమ్మ ఖాళీ గంప చంకన పెట్టుకుని వచ్చేది. గంపలో చేప పొలుసు తప్ప ఏమీ మిగిలేది కాదు. అయినా వాకిట్లో కూర్చున్న పక్కింటామె గిరాకి ఎట్లుందని అడిగితే అమ్మ నిట్టూర్చి, ఏడ గిరాకి, ఈగలు తోలుకుంట కూసున్న అనేది. మా వైపు గిరాకి అంటే కొనేవాళ్ళు, అమ్మకం, బేరం అన్నీ ఆ ఒక్క మాటే. అది బాగుందని నోటితో అన్నారంటే దిష్టి తగిలి మర్నాటి నుంచి ఒక్కరూ గంప ముందు ఆగరని మా వాళ్ళ గట్టి నమ్మకం. అంగడిలో ఏ గంప ముందు నిలబడి అడిగినా వినిపించేది ఆ జవాబే, గంప నిండుగా ఉన్నా ఖాళీగా ఉన్నా.

నేను ఉపకులపతిగా ఉన్న రోజుల్లో, నగరం ఉత్తరపు అంచున పాత అంగళ్ళను ఏం చేయాలో చెప్పమని వేసిన ఒక సంఘానికి నన్ను అధ్యక్షురాలిని చేశారు. రోడ్డు పక్కన జాగాల ధరలకు రెక్కలొచ్చిన కాలం అది, ఎక్కడ చూసినా గోదాములు లేస్తున్నాయి. అమ్మ చేపలమ్మిన అంగడి, మొన్న నా కారు ఆగిపోయినది, కూడా వాటిలో ఒకటి. మా చిన్నమ్మ ఇంకా అక్కడ చేపలు అమ్ముతోందని మొదటి సమావేశంలోనే అందరికీ చెప్పేశాను. అందుకే ఆ అంగడిని పరిశీలించే పని నేను ముట్టుకోకుండా మా అర్థశాస్త్ర శాఖాధిపతికి అప్పగించాం. ఆయన గోదావరి జిల్లాల మనిషి, నిక్కచ్చి, తన లెక్కలో తప్పు పట్టినవాడిని ఆరు నెలలు పలకరించని రకం. ఆయన పంపిన పరిశోధక విద్యార్థులు అంగడంతా తిరిగి ప్రతి గంప ముందూ గౌరవంగా వంగి, గిరాకి బాగుందా అని అడిగి వచ్చారు.

ఆ నివేదిక చదివినప్పుడు నాకు నవ్వు, ఆ వెంటనే భయం వచ్చాయి. అక్కడ అమ్ముకునేవాళ్ళకే గిరాకి లేదట, ఒక్కరు కూడా బాగుందని అనలేదట, అంగడి తనంతట తానే అంతరించిపోతోందట, కనుక ఆ జాగాను గోదాములకు ఇవ్వడం మేలట. కింద నేను సంతకం పెడితే అయిపోతుంది. చిన్నమ్మ కొడుకు కాలు విరిగి మంచాన ఉన్నాడు, ఆ ఇల్లంతా ఆమె గంప మీదే నడుస్తోంది. లాల్‌గడి మలక్‌పేట్ నుంచి కూరలు తెచ్చే ఆడవాళ్ళకూ, నగరం చెత్తంతా పోసే జవహర్‌నగర్ నుంచి ఆ వాసన దాటుకుని వచ్చి పాత బట్టలు అమ్ముకునేవాళ్ళకూ వేరే ఆధారం లేదు. వాళ్ళంతా దిష్టికి భయపడి చెప్పిన మాట వాళ్ళ కిందికే నీళ్ళు తేబోతోంది.

శాఖాధిపతికి మా వైపు మాట తీరు వివరించి చెప్పాను. ఆయన ఓపికగా విని, అమ్మా, మీ చిన్నమ్మగారు అక్కడ ఉన్నారు కాబట్టి మీకు అలా అనిపించడం సహజం, కానీ అందరూ లేదన్నదాన్ని ఉందని ఎలా రాయమంటారు అన్నారు. తప్పు పట్టడానికి లేదు, అధికారం వాడి దిద్దిస్తే నా చుట్టరికం కోసమే దిద్దించానని లోకం అంటుంది, సంఘమూ అదే అంటుంది. అందుకని వచ్చే అంగడికి మనిద్దరం పోదాం, నేను నోరు మెదపను, మీరే చూడండి అన్నాను.

వెళ్ళాం. చిన్నమ్మ చుట్టూ జనం మూగి ఉన్నారు, ఆమె కత్తిపీట ముందు కూర్చుని రవ్వ చేపను ముక్కలు కొడుతూ, ఒకరి తర్వాత ఒకరిని జర ఆగుమని కసురుతోంది. నన్ను చూసి మొహం విప్పార్చుకుంది గానీ చేయి ఆపలేదు. శాఖాధిపతి వంగి, గిరాకి ఎలా ఉందమ్మా అని అడిగారు. కళ్ళెదుట అంత జనం ఉండగా ఆమె పెదవి చప్పరించి, “ఏడ గిరాకి సారూ, గీ నడుమ అంగడే సచ్చిపోయింది” అంది. ఆయన నా వైపు తిరిగి చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేను. నోరు మెదపనని మాటిచ్చిన నేను ఎండలో చెమట తుడుచుకుంటూ నిలబడ్డాను.

న్యాయంగా చెప్పాలంటే తర్వాతి మాట ఆయనే అన్నారు. మీరంతా గిరాకి లేదంటున్నారు గనుక ఈ అంగడి తీసేసి గోదాములు కట్టబోతున్నారమ్మా అని మెల్లగా చెప్పారు. చిన్నమ్మ చేయి ఆగింది. పక్కన కొత్తిమీర ఆమె, ఉల్లిగడ్డలామె తలలెత్తారు. చిన్నమ్మ ఒకసారి నా మొహంలోకి చూసింది, నిజమేనా అన్నట్టు. నేను తలూపాను. ఆమె అవస్థ నాకు బాగా తెలుసు: ఉందంటే దిష్టి, లేదంటే అంగడే ఉండదు. పెదవులు తడుపుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఎవరో వింటారేమోనన్నంత చిన్నగా అంది.

“మస్తుంటది సారూ. పొద్దుగూకక ముందే గంప ఖాళీ అయితది. మా అక్క అమ్మినప్పటి కాడికెల్లి గిట్లనే.”

అని, వెంటనే పక్కకు తిరిగి తుపుక్కున ఉమ్మి కణతల మీద మెటికలు విరుచుకుంది. మా ఇంటి మనిషి నోట ఆ మాట నేను వినడం అదే మొదలు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ తర్వాత ఉల్లిగడ్డలామె, మాకు గూడ మంచిగనే ఉంటది గని ఏడ జెప్పకున్రి సారూ అంది. ఆమె వెనుక మరొకామె, ఇంకొకామె, అందరూ దొంగసొత్తు ఒప్పుకున్నట్టు గొంతు తగ్గించి ఒప్పుకున్నారు.

శాఖాధిపతి ఆ సాయంత్రం గంపలు ఎత్తేదాకా అక్కడే ఒక బస్తా మీద కూర్చున్నారు. తర్వాత తన విద్యార్థులను మళ్ళీ పంపి, అడగడం మానేసి చూసి రమ్మన్నారు. నివేదిక మొత్తం తానే తిరగరాశారు, నన్ను ఆరు నెలలు పలకరించకపోవడం కూడా జరగలేదు. అంగడిని ఉన్నచోటే ఉంచి నీళ్ళూ నీడా కల్పించాలని సంఘం ఒక్క మాటగా చెప్పింది, ప్రభుత్వం దాన్ని ఒప్పుకుంది. ఆ కబురు తెలిసిన రోజు నేను ఉపకులపతి గది తలుపు వేసుకుని, చెప్పులు విడిచి, కుర్చీలో కాళ్ళు పైకి పెట్టుకుని చాలాసేపు ఊరికే కూర్చున్నాను. తర్వాతి అంగడికి పెద్ద వాన కురిసి గంపలన్నీ తడిసిపోతే, చిన్నమ్మ మాత్రం నా వల్లే దిష్టి తగిలిందని ఫోను చేసి మరీ తిట్టింది.

ఇప్పుడు చిన్నమ్మ మోకాళ్ళు పట్టుకుపోయి ఇంట్లోనే ఉంటోంది, ఆమె చోట ఆమె కోడలు కూర్చుంటోంది. మొన్న కారు కదలక ఆగినప్పుడు ఆ పిల్ల నన్ను గుర్తుపట్టి దగ్గరికి వస్తే అలవాటు కొద్దీ అడిగాను. మస్తు గిరాకి వదినా, ఇంకో గంప తెస్తే గూడ సాలది అని అందరూ వినేలా నవ్వుతూ చెప్పింది. భయం ఒక తరంతో పోయింది, పోవడమే మంచిది. ఇంటికి వచ్చాక మాత్రం అమ్మ జ్ఞాపకం వచ్చి అన్నం సహించలేదు. నాకు లెక్చరరు ఉద్యోగం వచ్చిన కొత్తలో వాడకట్టు వాళ్ళు నీ బిడ్డ ఎట్లుందని అడిగితే, ఏముంది, ఏదో అట్ల నడుస్తాంది అని ఆమె నిట్టూర్చేది, లోపలి గదిలో నేను వినేదాన్ని. ఆ నిట్టూర్పుకు అర్థం నాకు తెలుసు, నాకు తెలుసునని ఆమెకూ తెలుసు. ఇద్దరం బాగున్నామని ఒక్కసారైనా ఒకరితో ఒకరం అనుకోకుండానే ఆమె వెళ్ళిపోయింది.