ఇద్దరికీ ఒకే చెవి మిషన్

బీమా కంపెనీ కొత్తది ఇస్తుందన్న ఆశతో మోటారు పెదనాన్న తన చెవి మిషన్‌ను తానే మురిక్కాలవలో పారేశారట. బీమా మనిషి వచ్చి నిలదీస్తే నీళ్లు నమిలారట. "చెవుడున్నా తెలివికి లోటు లేదు" అని టీకొట్టు దగ్గర నవ్వుకుంటున్నారు.

ఆయన నాకు సొంత పెదనాన్న కాదు. నేను బడి మానేసినప్పుడు అమ్మ తీసుకెళ్లి ఆయన షాపులో చేర్చింది. కాలిపోయిన మోటార్లకు రాగితీగ చుట్టడం నా పని. చుట్టడం అయ్యాక ఆయన మోటారు ఆన్ చేసి, తల పక్కకి వంచి వినేవారు. బేరింగు గరగరమంటే "దీనికింకా జలుబు తగ్గలేదమ్మాయ్" అని మళ్లీ విప్పేవారు. ఆయన సరే అన్నాకే మోటారు గుమ్మం దాటేది.

ఆ వినికిడంతా మిషన్ చలవే. చెవి వెనక తగిలించుకునే రకం. పెద్దమ్మకీ వినపడేది కాదు కాబట్టి దాన్ని ఇద్దరూ వంతులేసుకుని వాడేవారు. పగలు ఆయనకి మోటార్లు, సాయంత్రం ఆవిడకి మనుషులు. షాపు కట్టేసి ఇంటికి వెళ్లగానే మిషన్ తీసి, చొక్కా అంచుతో తుడిచి ఆవిడ చేతిలో పెట్టేవారు. అలా పంచుకోకూడదని డాక్టరు కోప్పడ్డాడు. ఇంకొకటి కొంటానని కొడుకు అన్నాడు.

"ఒద్దురా నాయనా, ఇద్దరికీ ఒకేసారి వినపడితే ఇంట్లో యుద్ధమే" అంది పెద్దమ్మ.

చలికాలంలో ఆవిడ ఆసుపత్రిలో చేరింది. "డాక్టర్లు చెప్పేది తనకి కదా వినపడాలి" అని పెదనాన్న మిషన్ ఆవిడ చెవికి పెట్టేశారు. నేను అన్నం పట్టుకెళ్లినప్పుడల్లా మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఏదో చెబుతూనే ఉండేవారు. ఆవిడ సన్నగా బదులిచ్చేది. ఆయనకి ఒక్క ముక్కా వినపడేది కాదు, పెదాలకేసి చూస్తూ తలూపేవారు. కొన్నాళ్లకి ఆవిడ పోయింది. జుట్టు చెవుల మీదుగా సర్ది, మెడదాకా దుప్పటి కప్పి సాగనంపాం.

తర్వాత షాపుకొచ్చారు గానీ, ఆయన సరే అని పంపిన మోటార్లు గరగరమంటూ తిరిగొచ్చేవి. వాటితో వచ్చినవాళ్లు అరిచేవాళ్లు. ఆ అరుపులూ ఆయనకి వినపడేవి కావు. మిషన్ ఏదని కొడుకు అడిగితే జేబు తడుముకుని మళ్లీ పనిలో పడ్డారు. ఆసుపత్రి హడావిడిలో ఎక్కడో పడిపోయి ఉంటుందనుకున్నాడు కొడుకు. అతనికి ఇంటి బీమా ఉంది. ఇంట్లో సామాన్లకే కాదు, మనం బయటికి తీసుకెళ్లే వస్తువులకీ అది వర్తిస్తుందట. పోయినా, దొంగలెత్తుకెళ్లినా కొత్తది వస్తుందట.

బీమా మనిషి షాపుకే వచ్చాడు. పెదనాన్నకి నా పెదాల కదలిక అలవాటు కాబట్టి నన్ను అడగమన్నాడు.

"మిషన్ ఎక్కడ పోయిందో అడుగమ్మా."

"పోయిందని చెప్పు నాన్నా, ఆ ఒక్క ముక్క చాలు. మళ్లీ పని చేసుకోవద్దా?" అన్నాడు కొడుకు.

నేను ఎదురుగా నిలబడి అడిగాను. పెదనాన్న ముందున్న మోటారు ఇరుసును బొటనవేలితో కాసేపు తిప్పారు.

"పోలేదు" అన్నారు.

"మరి ఎక్కడుంది?"

"మీ పెద్దమ్మ చెవిలో."

తీయడం మర్చిపోయారా అని బీమా మనిషి నాచేత అడిగించాడు.

"మర్చిపోలేదు. అప్పటిదాకా మాట్లాడుతున్నాను కదా, మధ్యలో ఎలా తీస్తాను?"

బీమా మనిషి కలం జేబులో పెట్టుకున్నాడు. "పోయినవాటికైతే ఇస్తాం గానీ, తెలిసి ఇచ్చేసినవాటికి రాదండీ" అని కొడుకుతో నెమ్మదిగా చెప్పాడు. చెడ్డవాడేం కాదు. వెళ్లేటప్పుడు పెదనాన్న భుజం మీద చెయ్యి వేశాడు. గుమ్మంలో పక్క షాపతను నిలబడి ఉన్నాడు. అతనికి "రాదు" అన్న మాటే వినపడినట్టుంది, మిగతాది టీకొట్టులో కల్పించారు.

ఇంకో మిషన్ కొంటానని కొడుకు బతిమాలాడు. పెదనాన్న అడ్డంగా తలూపారు. ఆ నెలాఖరుకి షాపు మూసేశారు. నేను ఇప్పుడు వేరేచోట తీగ చుడుతున్నాను.

బీమా కంపెనీకి రాసింది కొడుకు. ఆ సంగతి, ఆ మనిషి షాపుకొచ్చేదాకా పెదనాన్నకి తెలియనే తెలియదు.