గాలి లేని రాత్రుల శాలువ

నల్లమలల మేం నిలబెట్టిన టవరు మీది యంత్రం, చెట్లూ మట్టీ వదిలే కార్బన్ డయాక్సైడును కొలిచేది. రాత్రుల లెక్క చాలా తక్కువ వచ్చింది. "మీ అడవి రాత్రిపూట ఆ గాలి వదలనే వదలదు" అని అచ్చంపేట బడిల గొప్పలు చెప్పిన. వాళ్లు మురిసిపోయి నాకు సన్మానం పెట్టిండ్రు.

సన్మానం ముందురోజే అసలు సంగతి తెలిసింది. గాలి ఆడని రాత్రి ఆ కార్బన్ డయాక్సైడు పైకి లేవదు, నేల పట్టుకొని లోయలకు జారిపోతది. యంత్రానికి అందనే అందదు.

సన్మానంల శాలువ కప్పినంక మైకుల అదే చెప్పి, దాన్ని తీసి హెడ్మాస్టరుకు ఇయ్యబోయిన.

"కప్పింది వాపస్ తీసుకుంటమా సారూ, జర కూసోండి" అని మళ్లీ కప్పిండు. మొకం ఎక్కడ పెట్టుకోవాల్నో తెల్వలే. ఆయన మైకు అందుకున్నడు.

"రాత్రిపూట ఊపిరి గూడ వదలని అడవి మనది. చప్పట్లు కొట్టుండ్రి!"