చేలో నిలబెట్టిన పునీతుడు

పొద్దున లేవగానే కాలి బొటనవేలితో చేలో మట్టి గీకి చూడటం టోరీబియోకి అలవాటు. పొడిగా రాలితే గడ్డిటోపీ వెనక్కి నెట్టి, ఎల్ తబ్లోన్ కొండ మీద ఊరికే తిరిగే మబ్బుల్ని నోరారా తిడతాడు. ఈ ఏడు మొక్కజొన్న మోకాలెత్తు రాకముందే ఆకులు చుట్టుకుపోయాయి. అందుకే ఊరివాళ్లు రైతుల పునీతుడు శాన్ ఇసిద్రో బొమ్మని, ఆయన జత బుల్లి కొయ్యెద్దులతో సహా, చర్చి నుంచి మోసుకొచ్చి అతని చేలో నిలబెట్టారు. వాన పడేదాకా ఆయనా ఎండలో మాడాల్సిందే. టోరీబియో రోజూ పక్కన కూర్చుని రొట్టె నములుతూ, "ఎలా ఉందయ్యా ఎండ? చర్చి నీడలో ఉంటే తెలుస్తుందా?" అని దెప్పేవాడు.

నిన్న నాలుగు చినుకులు రాలాయో లేదో, చర్చి పెత్తనం చేసే నికోలాసా డప్పులతో దిగిపోయింది. "వానొచ్చేసింది మామా! ఇక ఆయన్ని తీసుకెళ్లిపోతాం." "ఇదేం వానే తల్లీ? దుమ్మైనా అణగలేదు. ఈ ఒక్క రాత్రికి ఉంచండి." "రంగు కరిగిపోతే నువ్వు వేయిస్తావా?" జనం గొల్లున నవ్వారు. ఊరేగింపు చర్చి మెట్లెక్కేసరికి ఎండ ఫెళ్లున కాసింది. ఒకసారి లోపలికి వెళ్లాడంటే, ఊరి ఆచారం ప్రకారం మళ్లీ ఏడాదిదాకా ఆయన గడప దాటడు. అంతలో లోపల నికోలాసా కేక పెట్టింది: ఒక ఎద్దు లేదు! అందరూ దారంతా వెతుకుతుంటే టోరీబియో చేనుగట్టు మీద కూర్చుని, నేలమీద బోర్లించిన టోపీ అంచు కొంచెం ఎత్తి చూసుకున్నాడు. కొయ్యెద్దు భద్రంగానే ఉంది.

"నువ్వూ రైతువే కదయ్యా," అన్నాడు చర్చి కేసి చూస్తూ. "ఎద్దుని వదిలేసి ఎన్నాళ్లుంటావో నేనూ చూస్తా."